శత్రుదేశాల అధినేతలు ఎదురెదురుగా కూర్చుంటే బేరం దేని మీద నడుస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా: "అనంతపురంలో గ్రూప్-1కి చదువుతున్నాను. ట్రంప్-పుతిన్, ట్రంప్-షీ లాంటి భేటీలు జరిగినప్పుడల్లా టీవీల్లో రోజంతా చర్చే. ఆ గదిలో నిజంగా ఏం బేరమాడుకుంటారు సార్? రెండు మూడు గంటల్లో ఏం తేలుతుంది? తేలిందో లేదో మనలాంటోళ్లకు తెలిసేదెట్లా? మన సీమలో దానివల్ల ఎవరికైనా రూపాయి తేడా పడుతుందా?"

సూటిగా చెప్తాను. బేరానికి వచ్చే సరుకు ఎప్పుడూ దాదాపు ఒకటే: ఆయుధాల లెక్క, ఆంక్షలు-సుంకాలు, భూమి, ఖైదీలు, అత్యవసర ఫోన్ లైన్లు. ఏమేం బేరానికి పెట్టాలో అధికారులు నెలల ముందే తేల్చుకుంటారు. అధినేతల దాకా వచ్చే అసలు పేచీ "ముందు ఎవరు ఇవ్వాలి?" అన్నది. దాని వెనకే ఇంకో రెండు: ఇచ్చినట్టు ఎవరు చూసి చెప్పాలి, అవతలివాడు మాట తప్పితే మనం ఇచ్చింది వెనక్కి తీసుకునే దారి ఉందా. శిఖరాగ్ర సమావేశాలు చాలావరకు చెడింది ఈ వరస దగ్గరే.

ముందు సమయం లెక్క చూడండి. గంట భేటీ అంటే గంట మాటలు కావు. ఒకరు మాట్లాడి ఆగితే దుబాసీ చెప్పే పద్ధతిలో సగం సమయం అనువాదానికే పోతుంది. మిగిలిన అరగంటను ఇద్దరూ పంచుకుంటే తలా పావుగంట. అందులో పలకరింపులు, పాత ఫిర్యాదుల చిట్టా పోను ఒకటి రెండు అంశాలకు మించి పట్టవు.

అందుకే పని అంతా కింద జరుగుతుంది. సంయుక్త ప్రకటన ముసాయిదాలో ఇంకా ఒప్పుకోని మాటలను చదరపు బ్రాకెట్లలో పెడతారు. ఒక్కోసారి ఒకే వాక్యంలో రెండు బ్రాకెట్లు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి మీ మాట, ఒకటి వాళ్ల మాట. అధికారులు కూర్చుని కొన్ని తీసేస్తారు, విదేశాంగ మంత్రులు ఇంకొన్ని తీసేస్తారు, ఆఖరికి రెండో మూడో మిగిలితే అవి అధినేతల ముందుకొస్తాయి. పది బ్రాకెట్లతో విమానం ఎక్కారంటే ఆ భేటీ మీద నాకు పెద్దగా ఆశ ఉండదు.

దీనికి పెద్ద మినహాయింపు 1978 క్యాంప్ డేవిడ్. సెప్టెంబరు 5 నుంచి 17 దాకా, 13 రోజులు. మొదటి భేటీలు రచ్చ కావడంతో ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్, ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్‌లను అమెరికా అధ్యక్షుడు కార్టర్ దాదాపు విడివిడిగానే ఉంచాడు. అమెరికావాళ్లు ఒకే కాగితం రాసి, ఇటు చూపించి దిద్ది, అటు చూపించి దిద్ది, 23 ముసాయిదాల దాకా తీసుకెళ్లారు. అంత తీరిక, అంత ఓపిక ఉన్న మధ్యవర్తి ఇప్పుడు దొరకడం కష్టం.

ఇక వరస సంగతి. పాఠంగా చదవాలంటే 2019 ఫిబ్రవరి 27, 28 తేదీల్లో ట్రంప్, ఉత్తర కొరియా అధినేత కిమ్‌ల హనోయ్ భేటీని మించింది లేదు. యోంగ్‌బ్యోన్ అణు కేంద్రాన్ని కూల్చేస్తాం, ఐక్యరాజ్యసమితి ఆంక్షల తీర్మానాలు పదకొండులో ఐదు ఎత్తేయండి అని ఉత్తర కొరియా అడిగింది. వినడానికి సగం కూడా కాదు. కానీ ఆ ఐదు 2016, 2017 నాటివి. బొగ్గు, బట్టలు, చేపల ఎగుమతులు, చమురు దిగుమతి, ఆ దేశం గొంతు మీద కాలు పెట్టినవన్నీ వాటిలోనే ఉన్నాయి. అవి పోతే ఆంక్షల్లో మిగిలేది పెద్దగా లేదు. అటువైపు యోంగ్‌బ్యోన్ ఒక్కటే అణు కార్యక్రమం మొత్తం కాదు. పల్లెలో గట్టు తగాదా రాజీకి కూర్చుంటే "ముందు కేసు ఎత్తెయ్" అని ఒకరు, "ముందు గట్టు జరుపు" అని ఒకరు పట్టుకుంటారే, అచ్చం అదే. మధ్యాహ్న భోజనం బల్ల సర్దిపెట్టిన తర్వాత రద్దయింది, సంతకాల కార్యక్రమమూ రద్దయింది. కీలకమైన అణు అంశం కింది స్థాయిలో తేలకుండానే పెద్దవాళ్ల దాకా రావడం అసలు లోపం.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. రెండు వైపులా ఇచ్చేవి ఒకే రకం వస్తువులు కావు. కూల్చిన రియాక్టర్ మళ్లీ లేపాలంటే ఏళ్లు పడుతుంది. అమెరికా అధ్యక్షుడు తన ఉత్తర్వుతో ఎత్తేసిన ఆంక్ష మళ్లీ పెట్టాలంటే ఒక సంతకం చాలు. తిరిగి తెచ్చుకోలేనిది ఇచ్చేవాడు ఎప్పుడూ ముందు తన ప్రతిఫలం అడుగుతాడు. అడగకపోతే వాడు తెలివితక్కువవాడు.

భద్రతా మండలి ఆంక్షలది మళ్లీ వేరే చిక్కు. ఒకసారి ఎత్తేస్తే తిరిగి పెట్టడానికి వీటో అడ్డం. 2015 ఇరాన్ అణు ఒప్పందంలో దీనికి ఒక తెలివైన తిరకాసు పెట్టారు. ఇరాన్ తప్పిందని ఒప్పందంలోని ఒక దేశం ఫిర్యాదు చేస్తే, సడలింపు కొనసాగించాలా అన్నదాని మీద ఓటు జరగాలి. అంటే వీటో ఉన్న దేశం సడలింపును ఆపగలదు కానీ ఆంక్షలు తిరిగి రావడాన్ని ఆపలేదు. ఇరాన్ యురేనియం శుద్ధి 3.67 శాతం, నిల్వ 300 కిలోలు దాటకూడదన్న పరిమితులకు ఈ ఏర్పాటే పూచీకత్తు. 2018లో అమెరికా బయటికి వెళ్లిపోయాక ఒప్పందం కుంటుపడింది కానీ ఆ తిరకాసు మాత్రం పనిచేసింది: బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ దాన్ని కదిపితే 2025 సెప్టెంబరు చివర ఆంక్షలు తిరిగొచ్చాయి.

మన సొంత ఉదాహరణ 1971 యుద్ధం తర్వాత పాకిస్తాన్‌తో కుదిరిన సిమ్లా ఒప్పందం, 1972 జులై 2. దీన్ని కొంచెం దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే "ఇందిరమ్మ 93 వేలమంది ఖైదీలను ఊరికే వదిలేసింది" అన్న మాట ఇప్పటికీ తిరుగుతుంటుంది. సిమ్లాలో ఖైదీల విడుదల తేలనే లేదు. వాళ్లు లొంగిపోయింది భారత్-బంగ్లాదేశ్ ఉమ్మడి సేనలకు. బంగ్లాదేశ్‌ను పాకిస్తాన్ గుర్తించలేదు, బంగ్లాదేశ్ లేకుండా వాళ్లను వదిలే వీలు మనకు లేదు. కాబట్టి ముందు కదిలింది భూమి. పశ్చిమాన మనం పట్టుకున్న 5 వేల చదరపు మైళ్లకు పైగా ప్రాంతం తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నాం, కశ్మీర్‌లో మాత్రం 1971 డిసెంబరు 17 నాటి కాల్పుల విరమణ రేఖ నియంత్రణ రేఖ అయింది. ఒప్పందం అమల్లోకి వచ్చాక 30 రోజుల్లో సైన్యాలు వెనక్కి పోవాలని రాసుకున్నారు. పోయాయా? లేదు. రేఖను పటాల మీద గీయడంలో పేచీలు, థాకో చక్ అనే చిన్న ఊరి దగ్గర మొండిపట్టు, అట్లా డిసెంబరు దాకా సాగింది. ఖైదీల సంగతి 1973 ఆగస్టు ఢిల్లీ ఒప్పందంలో తేలింది, ఆఖరి జట్టు 1974 ఏప్రిల్‌లో వెళ్లింది. అంటే శిఖరాగ్ర సమావేశం ఇచ్చింది ఒక వరస. దాన్ని నడిపించడానికి ఇంకో ఏడాదిన్నర పైన పట్టింది.

ఆయుధాల బేరం దీనికి భిన్నంగా లెక్కల మీద నడుస్తుంది. ఎన్ని అన్నదానికంటే ఏది ఒకటిగా లెక్కపెడతాం, ఎవరు వచ్చి చూస్తారు అన్నవి ముఖ్యం. 2010 ఏప్రిల్ 8న ప్రాగ్‌లో అమెరికా, రష్యా అధ్యక్షులు ఒబామా, మెద్వెదేవ్ సంతకం చేసిన న్యూ స్టార్ట్‌లో మోహరించిన వార్‌హెడ్లు (క్షిపణి మోసే అణు పేలుడు తలలు) 1,550, మోహరించిన క్షిపణులు-బాంబర్లు కలిపి 700 దాటకూడదు. కానీ ఒక బాంబరు విమానం ఎన్ని అణుబాంబులు మోయగలిగినా లెక్కలో ఒకటే! ఈ చిన్న నియమం తెలియకుండా 1,550 అంకె బట్టీ పడితే లాభం లేదు. ఏడాదికి 18 తనిఖీలు అన్నారు. కోవిడ్‌తో 2020లో తనిఖీలు ఆగాయి, 2023 ఫిబ్రవరిలో రష్యా తన పాత్రను నిలిపేసింది. గడువు 2026 ఫిబ్రవరి 5 దాకానే. అంకెలు కాగితం మీద ఉండగానే ఒప్పందం కళ్లు పోయాయి.

1987లో అమెరికా, సోవియట్ యూనియన్ చేసుకున్న ఐఎన్ఎఫ్ (మధ్యశ్రేణి క్షిపణుల) ఒప్పందం ఎందుకు బాగా నడిచిందంటే అందులో లెక్క సున్నా. నేల మీది నుంచి పేల్చే, 500 నుంచి 5,500 కిలోమీటర్ల దూరం పోయే క్షిపణి ఒక్కటి కూడా ఉండకూడదు. వెయ్యికి అనుమతిస్తే వెయ్యిన్నొకటోది పట్టుకోవడం కష్టం. సున్నా అంటే ఒక్కటి కనబడినా తప్పు దొరికినట్టే. 1991 జూన్ 1 నాటికి రెండు వైపులా కలిపి 2,692 క్షిపణులు ధ్వంసం చేశారు. రష్యాలో వోట్కిన్స్క్ ఫ్యాక్టరీ గేటు దగ్గర అమెరికా తనిఖీదారులు, అమెరికాలో యూటా రాష్ట్రం మాగ్నా దగ్గర సోవియట్ తనిఖీదారులు ఏళ్ల తరబడి కాపలా ఉన్నారు. 2019లో అమెరికా వైదొలగడంతో అదీ పోయింది.

ఆ ఒప్పందానికి విత్తనం పడింది "విఫలమైన" రేక్యవిక్ భేటీలోనే, 1986 అక్టోబరు 11, 12. అమెరికా అధ్యక్షుడు రీగన్ అంతరిక్ష రక్షణ కార్యక్రమం పరీక్షలు పదేళ్లు ప్రయోగశాల దాటకూడదని సోవియట్ నేత గోర్బచేవ్ పట్టుబట్టాడు, రీగన్ ఒప్పుకోలేదు, ఇద్దరూ ముఖాలు మాడ్చుకుని బయటికొచ్చారు. కానీ అంతకుముందు రాత్రంతా అమెరికా తరఫున పాల్ నిట్జే, సోవియట్ తరఫున మార్షల్ అఖ్రొమేయెవ్ బృందాలు కూర్చుని తేల్చిన లెక్కలు ఎక్కడికీ పోలేదు. కాబట్టి పరీక్షలో "విఫలం" అని ఒక్క మాటతో కొట్టేయకండి.

ఆంక్షలు, వాణిజ్యం దగ్గర మీరు వేయాల్సిన ప్రశ్న ఒకటే: అడిగింది ఇచ్చే అధికారం ఈయన చేతిలో ఉందా? అమెరికా అధ్యక్షుడు తన ఉత్తర్వుతో పెట్టింది తన ఉత్తర్వుతో తీయగలడు. కాంగ్రెస్ చట్టం చేసింది తీయలేడు. సోవియట్ యూనియన్‌తో వాణిజ్యానికి అడ్డం వేసిన జాక్సన్-వానిక్ నిబంధన 1974లో పెట్టారు. సోవియట్ యూనియనే 1991లో పోయింది, రష్యా మీద ఆ నిబంధన మాత్రం 2012 దాకా ఉంది. ఒడంబడిక (ట్రీటీ) అయితే సెనేట్‌లో మూడింట రెండొంతులు కావాలి. 1979లో వియన్నాలో కార్టర్, బ్రెజ్నెవ్ సంతకం చేసిన సాల్ట్-2 (అణ్వాయుధాల పరిమితి ఒప్పందం) ఆ గడప దాటనే లేదు. ఇదంతా తెలిసినవాళ్లు కాబట్టే ఇప్పటి నాయకులు ఒడంబడికల జోలికి పోకుండా కలంతో చేయగలిగినవే మాట్లాడుకుంటున్నారు. 2025 అక్టోబరు 30 బూసాన్‌లో ట్రంప్-షీ భేటీ దీనికి మచ్చు: ఫెంటానిల్ (ఒక మత్తుమందు) పేరుతో చైనా సరుకు మీద వేసిన సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గింపు, అరుదైన ఖనిజాల మీద చైనా అప్పుడే ప్రకటించిన కొత్త ఆంక్షలు ఏడాది వాయిదా, అమెరికా సోయాబీన్ కొనుగోలు (వైట్‌హౌస్ చెప్పిన ప్రకారం 2025 ఆఖరుకు 1.2 కోట్ల టన్నులు, తర్వాత మూడేళ్లు ఏటా 2.5 కోట్ల టన్నులు). చాలావరకు కలంతో వచ్చినవి, కలంతో పోగలిగినవి. ఇట్లాంటి కొనుగోలు హామీల మీద నాకు నమ్మకం తక్కువ. 2020 జనవరి ఒప్పందంలో చైనా రెండేళ్లలో అదనంగా 20,000 కోట్ల డాలర్ల సరుకు కొంటానని రాసిచ్చి, చెప్పినదానికి చాలా దూరంలో ఆగిపోయింది.

భూమి దగ్గర అధినేతలు తేల్చరు, ఆపుతారు. "నీదా నాదా" పక్కనపెట్టి "ఎవరూ కదలొద్దు" అని రాసుకుంటారు. 1965 యుద్ధం తర్వాత పాకిస్తాన్‌తో చేసుకున్న 1966 జనవరి 10 తాష్కెంట్ ఒప్పందం అదే: అందరూ 1965 ఆగస్టు 5 నాటి చోటికి వెనక్కి. గెలుచుకున్న హాజీ పీర్ కనుమను మనం వదులుకున్నాం. 1993 సెప్టెంబరు 7న బీజింగ్‌లో చైనాతో కుదిరిన వాస్తవాధీన రేఖ ఒప్పందమూ ఈ జాతిదే. అప్పటి ప్రధాని పీవీ మన నంద్యాల ఎంపీ అని కర్నూలోళ్లకు చెప్పనక్కర్లేదు. వివాదాన్ని పక్కనపెట్టి సరిహద్దును ప్రశాంతంగా ఉంచడం దాని తెలివి. రేఖ ఎక్కడుందో రెండు దేశాలూ ఒకే పటం మీద గీసుకోకపోవడం దాని బలహీనత. మధ్య భాగానికి పటాలు మార్చుకున్నారు, లద్దాఖ్ వైపు వచ్చేసరికి ఆగిపోయింది. 2020 జూన్ 15న గల్వాన్‌లో మన సైనికులు 20 మంది ప్రాణాలు పోయింది ఆ ఖాళీలోనే. 2024 అక్టోబరులో కజాన్‌లో మోదీ-షీ కలవడానికి రెండు రోజుల ముందు గస్తీ ఒప్పందం ప్రకటించారు గమనించండి. పని ముందు, ఫోటో తర్వాత. సరైన వరస అది.

2025 ఆగస్టు 15 ట్రంప్-పుతిన్ అలాస్కా భేటీలో తిరగబడింది ఈ వరసే. ముందు కాల్పులు ఆపి తర్వాత మాట్లాడదామని ఉక్రెయిన్, యూరప్ దేశాలు. ముందు "మూల కారణాలు" తేలాలి, తర్వాతే కాల్పుల విరమణ అని రష్యా. సుమారు మూడు గంటలు కూర్చున్నారు, ఒప్పందం లేదు. పైగా భూమి ఎవరిదో ఆ మనిషి, జెలెన్‌స్కీ, గదిలో లేడు. గదిలో లేనివాడి తరఫున ఒప్పుకున్నది నిలవదు. సిమ్లాలో బంగ్లాదేశ్ లేకపోవడం వల్ల ఏమయిందో పైన చూశారు.

చిన్నచిన్న విషయాలను తక్కువ చేయకండి. రాయబారులు తిరిగి వెళ్లడం (2021 జూన్ జెనీవా, బైడెన్-పుతిన్), విమానాలు తిరిగి మొదలుకావడం, ఖైదీల మార్పిడి, ఇవి పెద్ద గొడవలో కూడా బతికే ఒప్పందాలు. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని భారత్, పాకిస్తాన్ 1988 డిసెంబరు 31న రాసుకున్నాయి. 1992 నుంచి ఏటా జనవరి 1న జాబితాలు మార్చుకుంటున్నాయి, కార్గిల్ యుద్ధం జరిగిన మరుసటి జనవరిలో కూడా.

ఫలితం వచ్చిందో లేదో కనుక్కోవడం ఎట్లా అన్నారు కదా. నేనైతే మొదట విమానంలో ఎవరున్నారో చూస్తాను. ఆర్థిక, వాణిజ్య మంత్రులుంటే సుంకాలు, ఆంక్షలు. సైనిక ప్రధానాధికారులుంటే ఆయుధాలో సరిహద్దో. కేవలం సలహాదారులే ఉంటే మాటలే. తర్వాత కాగితం. ఒకే సంయుక్త ప్రకటన వచ్చిందా, ఎవరికి వారు విడివిడిగా ఇచ్చారా? విడివిడిగా ఇస్తే రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేని అంశమే గదిలో తెగని పేచీ. "అభిప్రాయాలు పంచుకున్నారు" అంటే ఏమీ తేలలేదు. "పునరుద్ఘాటించారు" అంటే పాతదే. "ఫలానా తేదీలోగా ఫలానా బృందం" అని ఉంటేనే కొత్తది.

అసలు కాగితమే రాకపోవచ్చు. 2001 జులై 14-16 ఆగ్రాలో వాజ్‌పేయి, పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ కలిసినప్పుడు అదే జరిగింది. కశ్మీరే కీలకమని ముషారఫ్, సీమాంతర ఉగ్రవాదం మాట లేకుండా కుదరదని మనవాళ్లు. ఇక్కడా ఏది ముందు అన్నదే. ఆ మధ్యలో సంపాదకులతో ముషారఫ్ అల్పాహార సమావేశం టీవీల్లోకి ఎక్కింది. బహిరంగంగా అంత గట్టిగా మాట్లాడాక గదిలో తగ్గడం ఎవరికైనా కష్టమే. ఆయన అజ్మీర్ కూడా వెళ్లకుండా అర్ధరాత్రి విమానం ఎక్కాడు. చర్చలు నడుస్తుండగా మైకు పట్టుకున్నారంటే అది మంచి గుర్తు కాదు.

సీమ సంగతి. రూపాయి తేడా పడుతుంది కానీ నేరుగా కాదు, ఆలస్యంగా పడుతుంది. వంటనూనె తీసుకోండి. యుద్ధానికి ముందు మన పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం వచ్చేది ఉక్రెయిన్ నుంచి. 2022లో నల్లసముద్రం మూసుకుపోతే నూనె ప్యాకెట్ ధర అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ జులై 22న ఇస్తాంబుల్‌లో ఐక్యరాజ్యసమితి, తుర్కియే మధ్యవర్తిత్వంతో ఓడలకు దారి ఒప్పందం కుదిరింది, దాదాపు ఏడాదికి, 2023 జులై 17న, రష్యా తప్పుకుంది. బయటి నూనెల ధర ఎటు కదిలినా అనంతపురం వేరుశనగ బేరగాడు దాన్ని చూసే మాట్లాడతాడు.

ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) ఎక్కువగా పోయేది చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురద బరువు పెంచడానికి. చమురు దేశాల మీద ఆంక్షలు, చమురు ధర, కొత్త బావుల సంఖ్య, వీటి వెనకాలే దాని గిరాకీ నడుస్తుంది. పెనుకొండ దగ్గర కియా లాంటి కార్ల ఫ్యాక్టరీలకు, ముఖ్యంగా ఎలక్ట్రిక్ మోటార్లకు, అరుదైన ఖనిజాల అయస్కాంతాలు కావాలి, కాబట్టి బూసాన్‌లో వాయిదా పడ్డ ఆంక్షల లాంటివి ఇక్కడికీ సంబంధం ఉన్నవే. ఇక పులివెందుల పక్క తుమ్మలపల్లె యురేనియం. 2005 జులై 18న బుష్, మన్మోహన్ పౌర అణు సహకార ప్రకటన తర్వాత 2006లో 22 రియాక్టర్లలో 14 అంతర్జాతీయ తనిఖీ కిందికి తేవడానికి ఒప్పుకున్నాం. తనిఖీలో ఉన్నవాటికి విదేశీ యురేనియం వస్తుంది. మిగిలినవాటికి సొంత గనులే దిక్కు. తుమ్మలపల్లె అవసరం తగ్గకపోవడానికి ఇదొక కారణం.

ఇవన్నీ భేటీ మరునాడే మారతాయని మాత్రం ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఒప్పందం ఉత్తర్వుగా మారి, ఓడ బీమా రేటు దిగి, సరుకు రేవు చేరి, వ్యాపారి పాత నిల్వ తీరేదాకా నెలలు పడుతుంది. ధర పెరిగేటప్పుడు మాత్రం వార్తకే పెరుగుతుంది, అది వేరే బాధ.

ఇంకొకరు అడిగారు, ఇద్దరూ నవ్వుతూ చేతులు కలిపితే మంచి సంకేతమేనా అని. 2018 జూన్ 12న సింగపూర్‌లో ట్రంప్, కిమ్ బోలెడు నవ్వారు. అక్కడి నాలుగు అంశాల ప్రకటనలో అణ్వాయుధాల తొలగింపుకు గడువు లేదు, తనిఖీ ఎవరు చేయాలో లేదు. ఎనిమిది నెలలకు హనోయ్. అందుకని ఫోటో వదిలేసి, తర్వాతి భేటీ తేదీ, దానికి ముందు కూర్చోబోయే అధికారుల పేర్లు ప్రకటించారా లేదా చూడండి.